మార్లిస్ తోర్వినెన్ పొయ్యి దావా

మిన్నెసోటా రాష్ట్రం ఉత్తరపు కొసన, కెట్టిల్ లేక్ అనే ఊళ్ళో మార్లిస్ తోర్వినెన్ ముప్పై ఒక్క ఏళ్ళు బడి బస్సు నడిపింది. అన్నేళ్ళలోనూ బస్సు ఆలస్యమైంది మూడేసార్లు. ఒకసారి మంచు తుఫాను, ఒకసారి రోడ్డు మధ్య నిలబడి తొలగనన్న పెద్ద దుప్పి. మూడోసారి ఎందుకో ఆమె చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అడగకపోవడం ఆ ఊరి మర్యాద. ఇనప గనుల్లో పనికని ఫిన్లండు నుంచి వచ్చిన వాళ్ళ తాతలు పెట్టెల్లో తెచ్చుకున్న సామాను కొంచెమే గాని, ఈ మర్యాదను మాత్రం దండిగా తెచ్చుకున్నారు. దాంతోపాటు సౌనాను కూడా.

సౌనా లేని ఇల్లు అక్కడ ఇంటి కింద లెక్క కాదు. పెరట్లో చెరువు వైపు దుంగలతో కట్టిన గది, అందులో కట్టెల పొయ్యి, పొయ్యి నెత్తిన తట్టెడు రాళ్ళు. రాళ్ళు బాగా కాగాక గరిటెడు నీళ్ళు చల్లితే భగ్గుమని ఆవిరి లేస్తుంది. మెట్లు మెట్లుగా ఉన్న బల్లల మీద కూచుని ఆ ఆవిరిలో ఉడికి, బయటికొచ్చి చెరువులో దూకుతారు. స్నానాన్ని ఇంత భక్తిగా చూసే జనం జపాను కొండ ఊళ్ళలోనూ, ఇస్తాంబుల్ పాతపేటల్లోనూ కూడా ఉన్నారు. కాని వాళ్ళు స్నానాల గదిలో ఊళ్ళో సంగతులన్నీ మాట్లాడుకుంటారు. కెట్టిల్ లేక్ వాళ్ళు మాట్లాడుకోరు. శనివారం సాయంత్రం పక్కపక్కన కూచుని చెమటలు కారుస్తారు. అదే వాళ్ళ పలకరింపు.

మార్లిస్ రిటైరైన జూన్‌లో, ఆమె బస్సెక్కి పెరిగిన పిల్లలు, ఆ పిల్లల పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, మొత్తం రెండు వందల పదకొండు మంది తలా కాస్త వేసుకున్నారు. చర్చి కింది హాల్లో కాఫీ డబ్బా నిండా ఆ డబ్బు పోసి, కొత్త సౌనా పొయ్యి కొనుక్కోమని చేతిలో పెట్టారు. పాత పొయ్యి ఆమె తండ్రి నాటిది, అడుగు తుప్పు పట్టి నిప్పులు నేల మీదికి రాలుతోంది. మార్లిస్ ఆ రోజు లేచి నిలబడి రెండే మాటలు చెప్పింది. థాంక్స్ అంది. కొత్త పొయ్యి తొలి ఆవిరికి మీరందరూ మా ఇంటికి రావాలి అంది. ఆమె జన్మలో చేసిన అతి పెద్ద ఉపన్యాసం అదేనని వాళ్ళన్న వైనో తర్వాత చెప్పుకుని నవ్వాడు.

వైనో గనిలో మెకానిక్‌గా పనిచేసి మానేసిన వాడు, చెల్లెలికన్నా ఆరేళ్ళు పెద్ద. ఊళ్ళో వెల్డింగు చేసే డెరిక్ చేత దళసరి రేకుతో ఒక పొయ్యి కట్టించుకోమని అతను చెప్పాడు. మార్లిస్ వినలేదు. నలుగురూ ఇచ్చిన డబ్బు గదా, చూడముచ్చటగా ఉండేది ఒకటి కొనాలని ఆమెకు అనిపించింది. ఇంటర్నెట్‌లో వెతికి వెతికి, అద్దం తలుపూ ఇత్తడి అక్షరాలూ ఉన్న పొయ్యి ఒకటి తెప్పించింది. రెండు వేల నాలుగు వందల ఎనభై డాలర్లు. తలుపు మీద "హల్లవిక్ బ్రదర్స్" అని చెక్కి ఉంది, కింద మంచుకొండ బొమ్మ. అది దిగిన రోజే వైనో పాత పొయ్యిని ట్రక్కులో వేసుకుపోయి తుక్కు కింద ఇచ్చేశాడు.

జనాన్ని పిలిచే ముందు తనొక్కతే అంటించి చూసుకుంటుంటే, నాలుగోసారికి కొత్త పొయ్యి చీలింది.

ఎడమ పక్క అతుకు దగ్గర వెంట్రుకంత గీత. ఆరోసారికి అది వేలు పట్టేంత అయింది. గది నిండా పొగ. ఇంక అంటిస్తే సౌనా తగలబడేలా ఉందని మార్లిస్ ఆపేసింది. ఆపేసి, ఈ సంగతి వైనోకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతుంది? రెండు వందల పదకొండు మంది కలిసి ఇచ్చింది పగిలిపోయిందని అంటే, వాళ్ళ బహుమతిని వాళ్ళ మొహాన కొట్టినట్టే కదా అనుకుంది. పైగా ఆ పొయ్యిని ఏరి కోరి కొన్నది తనే. సరుకుల కొట్టు దగ్గరా, పోస్టాఫీసు దగ్గరా ఎవరైనా, "పొయ్యి ఎలా ఉంది మార్లిస్?" అంటే "బాగుంది" అనేది. తొలి ఆవిరి ఎప్పుడంటే పొగగొట్టం తనిఖీ కావాలనీ, కట్టెలు పచ్చిగా ఉన్నాయనీ, నడుం పట్టేసిందనీ ఏదో ఒకటి చెప్పేది. శనివారాలు చాటుగా వైనో ఇంటికి పోయి స్నానం చేసొచ్చేది.

ఫిర్యాదు చేసే తీరు ఊరికొకటి. కొన్నిచోట్ల గొంతు పెద్దది చేస్తారు, కొన్నిచోట్ల బల్ల గుద్దుతారు. రేవుపట్నాల్లో ముందు తిట్టి తర్వాత సంగతేమిటో చెబుతారు. కెట్టిల్ లేక్‌లో ఏలకుల రొట్టె పంపుతారు. పాలూ వెన్నా కలిపిన పిండిని జడలా అల్లి, ఏలకుల పొడి వేసి కాల్చిన తియ్యటి రొట్టె అది. ఎవరి కుక్కైనా మన కోళ్ళను పట్టుకుపోతే రొట్టె తీసుకుని వాళ్ళింటికి వెళ్తారు. కాఫీ తాగుతారు. వాతావరణం మాట్లాడతారు. లేచి చెప్పులు వేసుకునేటప్పుడు, గుమ్మంలో, కుక్క సంగతి అంటారు. చేతులూపుకుంటూ వెళ్ళి తప్పెంచడం పరమ మొరటుతనం.

అందుకని మార్లిస్ కంపెనీకి మూడు ఉత్తరాలు రాసింది, మూడింటితోనూ రొట్టె పంపింది. మొదటి ఉత్తరంలో ఒక పేజీ నిండా పొయ్యి అందం, పెట్టె కట్టిన తీరు, తలుపు మీది అక్షరాలు మెచ్చుకుని, మీకు శ్రమ ఇస్తున్నందుకు మన్నించమని రాసి, చివరి వాక్యంలో చిన్న చీలిక ఒకటి వచ్చిందని అంది. రెండో ఉత్తరంలో మీరు పనుల్లో ఉండి ఉంటారంది. మూడో ఉత్తరం ఆమె దృష్టిలో మహా కఠినమైనది. మీ జవాబు కోసం చూస్తున్నాను అని రాసింది. దానికి వైనో, "అబ్బో, ఇంత మాట అనేశావా? పాపం వాళ్ళు తట్టుకోగలరా?" అన్నాడు.

జవాబు రాలేదు. జనవరిలో మార్లిస్ నలభై మైళ్ళు కారు నడుపుకుంటూ జిల్లా కోర్టుకు పోయింది.

చిన్న దావాలు వినే కోర్టును ఆ రాష్ట్రంలో రాజీ కోర్టు అంటారు. వకీలు అక్కర్లేదు. ఒక ఫారం నింపి, డెబ్బై ఎనభై డాలర్లు కట్టి, మన గోడు మనమే చెప్పుకోవచ్చు. కిటికీ వెనక గుమాస్తా డెబ్ ఆస్బీ కూచుని ఉంది. డెబ్ ముగ్గురు పిల్లలూ మార్లిస్ బస్సులోనే పెరిగారు, కాఫీ డబ్బాలో డెబ్ ఇరవై డాలర్లు కూడా ఉన్నాయి. ఆమెను చూసి మార్లిస్ వెనక్కి తిరిగి పోదామనుకుంది. కాని డెబ్ కళ్ళజోడు సర్దుకుని, ఎప్పుడూ చూడని మనిషిని చూసినట్టు ఫారం అందుకుంది. పొయ్యి అన్న మాట చదివినా కనురెప్ప వెయ్యలేదు.

ఆ ఫారం మీద మార్లిస్ ప్రతివాది పేరు హల్లవిక్ బ్రదర్స్ అని రాసింది. మూడు వారాలకు కాగితాలు తిరిగొచ్చాయి. అలాంటి అన్నదమ్ములు ఎక్కడా లేరు.

మళ్ళీ నలభై మైళ్ళు. గుమాస్తాలు ఎవరికీ న్యాయ సలహా ఇవ్వకూడదని గోడ మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. డెబ్ ఆ రాత కేసి ఒకసారి చూసి, కిటికీ గట్టు మీది కుండీ మొక్క వైపు తిరిగింది.

"ఏమే పిల్లా," అంది మొక్కతో, "జనం తలుపు మీద ఉన్న పేరు చూసి దావా వేస్తారు. అది కొట్టు పేరు. కంపెనీ అసలు పేరు వేరే ఉంటుంది. డబ్బు ఎవరి ఖాతాలోకి పోయిందో బ్యాంకు కాగితంలో ఉంటుంది. ఆ పేరు పట్టుకుని వాళ్ళ రాష్ట్రం రిజిస్టరు చూస్తే, కోర్టు కాగితాలు పుచ్చుకోవడానికి వాళ్ళు పెట్టుకున్న మనిషి పేరూ అడ్రసూ దొరుకుతాయి. చూడ్డానికి పైసా అక్కర్లేదు. నీకు నీళ్ళు పోశానా ఇవాళ?"

మార్లిస్ మొక్కకు థాంక్స్ చెప్పి ఇంటికొచ్చింది. బ్యాంకు కాగితంలో పెలికన్ బెండ్ మర్కంటైల్ అని ఉంది. ఊరు ఫ్లారిడాలో, సముద్రం ఒడ్డున. జనవరిలో కూడా జనం చొక్కాలు విప్పుకుని తిరిగే చోటు. వైనో చాలాసేపు నవ్వి, "వాళ్ళకు పొయ్యి దేనికే? ఎండలో కుర్చీ వేసుకుంటే అదే సౌనా" అన్నాడు. ఈసారి కాగితాలు సరైన మనిషికి అందాయి. విచారణ మార్చి ఇరవై ఐదు, మంగళవారం.

చిన్న దావాకు పిలిస్తే రాష్ట్రం బయటి కంపెనీలు సాధారణంగా రానే రావు. పెలికన్ బెండ్ వచ్చింది. గోడ మీది తెర మీద గ్రేసన్ ప్రూయిట్ అనే నడివయసు మనిషి ప్రత్యక్షమయ్యాడు. పూలచొక్కా, వెనక కిటికీలో ఊగుతున్న తాటాకులు. ఇటు పక్క కిటికీలో మంచు కురుస్తోంది. మార్లిస్ మంచి స్వెట్టరు వేసుకుని, చంకలో ఒక అట్టపుస్తకంతో ముందు బల్ల దగ్గర కూచుంది. తన వంతు కోసం చూస్తూ ఊరికే వెనక్కి తిరిగింది. తిరగకుండా ఉండవలసింది. వెనక బెంచీల మీద వైనో పక్కన కలప మిల్లు కర్టిస్ నీమి, వెల్డరు డెరిక్, పోస్టాఫీసు ఆవిడ, ఇంకా ఏడెనిమిది మంది కెట్టిల్ లేక్ జనం. వాళ్ళకేం పని పడిందో ఇక్కడ అనుకుంది. ఇక పొయ్యి మాట వాళ్ళ ఎదుట ఎత్తాలి.

జడ్జి హోల్మ్‌క్విస్ట్ పక్క జిల్లా నుంచి వచ్చిన ఆవిడ, నెరిసిన జుట్టు, తొందరలేని మనిషి. ప్రూయిట్ మొదట, పొయ్యితో వచ్చిన కాగితంలో ఏ తగాదా అయినా ఫ్లారిడా కోర్టులోనే తేల్చుకోవాలని రాసి ఉందన్నాడు.

"ఆ కాగితం ఎక్కడ ఉంటుంది?" అంది జడ్జి.

"పెట్టె లోపలండీ."

"డబ్బు ఎప్పుడు తీసుకుంటారు?"

"పెట్టె పంపేముందు."

జడ్జి ఏదో రాసుకుంది. పొయ్యిని ఈ రాష్ట్రానికి అమ్మింది మీరు, చీలింది ఈ రాష్ట్రంలో, కాబట్టి ఇక్కడే వింటానంది. తర్వాత మార్లిస్ చేతిలోని పుస్తకం అడిగింది.

అది బస్సు తనిఖీ పుస్తకం. ప్రతి ఉదయం బస్సు కదిలే ముందు బ్రేకులు, టైర్లు, లైట్లు, తలుపులు ఒక్కొక్కటీ చూసి అందులో రాయాలని చట్టం. ముప్పై ఒక్క ఏళ్ళు అది చేసిన మనిషికి రాయకుండా ఏదీ అంటించడం చేతకాదు. చివరి పుస్తకంలో మిగిలిన పేజీల్లో పొయ్యిని రాసింది. తారీకు, ఎన్ని కట్టెలు, ఏ కట్టెలు, ఎంతసేపు, గది వేడి, చీలిక పొడుగు. చీలికను ఇనప స్కేలుతో కొలిచి పెన్సిలుతో బొమ్మ గీసింది. జడ్జి ఒక్కో పేజీ తిప్పి చూసి, ఇంత నికరమైన సాక్ష్యం ఈ గదిలోకి ఏడాదికి ఒక్కటి రాదంది.

ప్రూయిట్ తగ్గలేదు. పొయ్యిని ఆమె సరిగా వాడలేదన్నాడు. పుస్తకంలో ఆమే రాసుకుంది, కాగిన పొయ్యి మీద ప్రతిసారీ నీళ్ళు పోసిందట. అలా పోస్తే పూచీ చెల్లదని పదకొండో నిబంధన.

జడ్జి పక్క బల్ల దగ్గర డెబ్ టైపు చేయడం ఆపింది. వైనో దగ్గు వచ్చినట్టు నోటికి టోపీ అడ్డం పెట్టుకున్నాడు.

"ప్రూయిట్ గారూ," అంది జడ్జి నెమ్మదిగా, "మీరు ఎప్పుడైనా సౌనాలో కూచున్నారా?"

"లేదండీ. మాకిక్కడ వేడికి కొదవ లేదు."

"ఆ రాళ్ళు దేనికనుకున్నారు?"

ప్రూయిట్ తన కాగితాల్లో వెతికాడు. "అందానికి," అన్నాడు.

జడ్జి మళ్ళీ ఏదో రాసుకుంది, ఈసారి కొంచెం ఎక్కువసేపు. అప్పుడు ప్రూయిట్ తన బ్రహ్మాస్త్రం తీశాడు. తెర మీద ఒక ఫొటో వచ్చింది. కంపెనీ ఇంటర్నెట్ పేజీ. "సంతృప్తి చెందిన మా ఖాతాదారులు" అన్న అక్షరాల కింద మార్లిస్ రొట్టె. దాని పక్కనే ఆమె మొదటి ఉత్తరం, మెచ్చుకోలు పేజీ మాత్రమే. మార్లిస్ చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మా, ఈ పనిలో పదహారేళ్ళు ఉన్నాను," అన్నాడు ప్రూయిట్. నిజాయితీగానే అన్నాడు. "కోపం వచ్చినవాళ్ళు ఫోను చేసి మా అమ్మనీ నాన్ననీ కలిపి తిడతారు. ఒకాయన విరిగిన కుర్చీ ముక్కలు పోస్టులో పంపాడు. రొట్టె పంపినవాళ్ళు లేరు. ఈవిడ మూడుసార్లు పంపింది. మా ఆఫీసులో అందరం తిన్నాం. చాలా బాగుంది. ఈవిడకు పొయ్యి నచ్చలేదంటే నేనెలా నమ్మేది?"

జడ్జి కళ్ళజోడు తీసింది.

"మా నాన్న పక్క పొలం ఆయన మీద కంచె దావా వేసిన రోజు, పొద్దున్నే వాళ్ళింటికి కాఫీ కేకు పంపించాడు. ఈ వైపు జనం మీకు తినడానికి ఏమైనా పంపారంటే భయపడాలి ప్రూయిట్ గారూ. మూడుసార్లు పంపారంటే వకీలును చూసుకోవాలి." ఆమె మార్లిస్ వైపు తిరిగింది. "కాని ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. మీ ఉత్తరాలు మూడూ చదివాను. ఎక్కడా పొయ్యి బాగోలేదని లేదు. మీ నోటితో ఒకసారి చెప్పండి. ఆ పొయ్యి బాగుందా, లేదా?"

మార్లిస్‌కు వీపు మీద ఆ పదిమంది చూపులూ ఆనుతున్నట్టు తోచింది. బాగోలేదని అంటే వాళ్ళ డబ్బు నీళ్ళపాలు చేశానని అందరి ముందూ ఒప్పుకున్నట్టు. బాగుందని అంటే కథ అక్కడితో సరి, వాళ్ళ డబ్బు ఫ్లారిడాలోనే ఉండిపోతుంది. కిటికీ బయట మంచు దులిపే బండి ఒకటి వెళ్ళింది. అది మలుపు తిరిగేదాకా ఆమె చూసింది.

"బాగోలేదు," అంది. "అది చెడ్డ పొయ్యి. మావాళ్ళు ఇచ్చిన డబ్బు చాలా మంచిది. నేను దాంతో చెడ్డ పొయ్యి కొన్నాను."

వెనక ఎవరో ముక్కు చీదుకున్నారు. తెర మీద ప్రూయిట్ తన కాగితాలు సర్దుకున్నాడు.

తీర్పు తపాలాలో పంపుతామని జడ్జి చెప్పాక, మార్లిస్ బెంచీల వైపు చూడకుండా గబగబా బయటికొచ్చేసింది. మెట్ల మీద కర్టిస్ నీమి ఆమెను అందుకున్నాడు. అతను ఆరో తరగతిలో బస్సు వెనక సీటు కోసేసి, ఏడాదంతా ముందు సీట్లో కూచున్న వాడు. ఇప్పుడు అతని పిల్లలే కాలేజీలో ఉన్నారు.

"మార్లిస్ గారూ, జనవరిలోనే తెలుసు మాకు," అన్నాడు బూట్లకేసి చూస్తూ. "కోర్టు కేసుల జాబితా వారపత్రికలో వేస్తారు కదా. మీ పేరూ పొయ్యి పేరూ చూశాం."

"అందరికీ తెలుసా?"

"అందరికీ."

"మరి మొన్న కూడా పొయ్యి ఎలా ఉందని అడిగావు."

"అడక్కపోతే మాకు తెలిసిపోయిందని మీకు తెలిసిపోతుందేమోనని," అన్నాడు కర్టిస్.

ఆ మాటకు మార్లిస్ మెట్ల మీదే కూచుండిపోయింది. చలికాలమంతా ఆమె నడుం నొప్పి నటించింది, జనవరి నుంచి ఊరంతా ఆ నొప్పిని నమ్మినట్టు నటించింది. పోస్టాఫీసు ఆవిడ నడుముకు రాసుకోమని నూనె కూడా ఇచ్చింది. కాసేపటికి ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు. వైనో వచ్చి, చెల్లెలికి మతి పోయిందేమోనని పక్కన నిలబడ్డాడు.

తొమ్మిదో రోజున తీర్పు వచ్చింది. పొయ్యి ఖరీదు మొత్తం, కోర్టు ఫీజుతో సహా. అయితే తీర్పు వేరు, డబ్బు వేరు. కోర్టు వాళ్ళు డబ్బు వసూలు చేసి పెట్టరు, రాష్ట్రం బయటివాళ్ళ దగ్గర మరీనూ. అప్పీలు గడువు దాటేదాకా ఆగి, ముద్ర వేసిన నకలు తీసుకుని, ఫ్లారిడాలో ఆ కంపెనీ ఉన్న జిల్లా కోర్టులో నమోదు చేయించాలి. మార్లిస్ ఆ కోర్టుకు ఫోను చేసింది. యోలాండా అనే గుమాస్తా ఎత్తింది. ఏ కాగితం ఎక్కడ పెట్టాలో చెప్పి, తర్వాత అరగంట అక్కడి ఉక్క గురించి చెప్పింది. మార్లిస్ ఇక్కడి మంచు గురించి రెండు వాక్యాలు చెప్పింది. నమోదు సంగతి కంపెనీకి తెలిసిన పదిహేను రోజుల్లో చెక్కు వచ్చింది. కూడా ఒక చీటీ. రాళ్ళ సంగతి మా వాళ్ళకు చెప్పాను, పదకొండో నిబంధన తీసేస్తున్నాం అని ప్రూయిట్ తన చేత్తో రాశాడు.

డెరిక్ పావు అంగుళం రేకుతో పొయ్యి కట్టాడు. అద్దం లేదు, ఇత్తడి అక్షరాలు లేవు. చూడ్డానికి గని గేటు ముందు పడేసిన పాత బాయిలరులా ఉంది. చెక్కులో సగం కూడా ఖర్చు కాలేదు. మిగిలింది వెనక్కి ఇచ్చేస్తానని మార్లిస్ అంటే, రెండు వందల పదకొండు మందిలో ఒక్కరూ పుచ్చుకోలేదు. ఆ డబ్బుతో చెరువులోకి దిగడానికి కొత్తగా చెక్కల రేవు వేయించింది.

తొలి ఆవిరి జూన్ నెలలో వచ్చే నడివేసవి పండగ శనివారం జరిగింది. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టారు. గదిలో పట్టేది ఎనిమిది మంది, అందుకని వంతులు వేసుకున్నారు. ఒక వంతు ఆడవాళ్ళు, ఒక వంతు మగవాళ్ళు. పెరడంతా తువ్వాళ్ళు కట్టుకున్న జనం, బల్లల మీద పొగ పెట్టిన చేపలు, కాఫీ. పిల్లలు చెక్కల రేవు మీంచి దూకి నీళ్ళు చిమ్ముతున్నారు. జిల్లా కోర్టు నుంచి డెబ్ కూడా వచ్చింది. వచ్చి సౌనాలోకి పోయి, పది నిమిషాలకు తలుపు తోసుకుని బయటపడింది. మొహం కాగిన రాగిచెంబులా ఉంది.

"మార్లిస్, మరీ వేడిగా ఉంది," అంది.

పెరట్లో కప్పు పట్టుకున్నవాళ్ళు కప్పుతోనే నిలబడ్డారు. ఆ ఊళ్ళో ఒకరింటికి అతిథిగా వచ్చి, చేతిలో ఏమీ లేకుండా, మొహం మీద ఇంత సూటిగా ఎవరూ ఎప్పుడూ అనలేదు. డెబ్ కూడా తన మాటకు తనే హడలి చేత్తో నోరు మూసుకుంది.

మార్లిస్ పొయ్యిలోకి ఇంకో రెండు కట్టెలు చేతబట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమెకు ఎందుకో ఆ మాట విని ప్రాణం లేచొచ్చింది.

"అయితే దావా వెయ్యి," అంది. "మంగళవారం కోర్టు ఉంటుంది." అని తలుపు తీసి, కట్టెలు లోపలికి పట్టుకుపోయింది.